ఎండుపుల్ల ఆనవాలు

నంద్యాల నూనెపల్లెలో కట్టె గురించి తగవు వస్తే తీర్పు చెప్పేది దాదా ఖలందరే. టేకని చెప్పి ఇంకేదో అంటగట్టారేమోనని అనుమానం వచ్చినవాళ్లు చెక్క ముక్క పట్టుకుని ఆయన టింబర్ డిపోకి వచ్చేవాళ్లు. ఖలందర్ దాన్ని చేత్తో తూచి, గోటితో గీకి, వాసన చూసి, అవసరమైతే ఒక పీచు పంటి కింద పెట్టి నమిలి, "మద్ది. అదీ పోయిన వానాకాలం కొట్టింది. నీకు టేకని చెప్పినోడు ఎవుడప్పా?" అనేవాడు. ఆ తీర్పు మీద అప్పీలు ఉండేది కాదు. ఇన్నేళ్ల వ్యాపారంలో ఆయన నోట్లోకి పోని కట్టె లేదని భార్య పీరాంబీ అంటుంది. ఆ నోట్లోంచి రాని గొప్ప కూడా లేదని అనేది ఆమే.

అంతటి మనిషి ఆ ఏడు అక్టోబరులో ఒక ఘనకార్యం చేశాడు. కూతురు జబీనా తొలి కాన్పుకు ఐదో నెలలోనే పుట్టింటికి వచ్చింది. పీరాంబీ అటక మీది ఉయ్యాలను దింపించమంది. అది ఆమె పుట్టింటి ఉయ్యాల. పీరాంబీ తల్లి అందులో ఊగింది, పీరాంబీ ఊగింది, జబీనా ఊగింది. చుట్టూ లేతు మిషను మీద తిప్పిన సన్న కడ్డీలు, వాటికి ఎర్ర లక్క, పసుపు లక్క. డిపో నుంచి ఎవరినైనా పిలిపించు అని పీరాంబీ చెబుతూనే ఉంది. ఈపాటి దానికి మనుషులెందుకని ఖలందర్ ఒక్కడే నిచ్చెన ఎక్కాడు. ఉయ్యాల ఆయన కంటే ముందే కిందికి వచ్చింది. ఒకే పక్కన రెండు కడ్డీలు విరిగాయి.

పీరాంబీ అరవలేదు. అరిచి ఉంటే ఖలందర్‌కి ఎంతో హాయిగా ఉండేది. ఆమె విరిగిన ముక్కలు కొంగులోకి ఏరుకుని గడప మీద కూర్చుండిపోయింది.

"రెండు కడ్డీలకేనా? రేపటికి చేసి పెడతాలే," అన్నాడు.

చేసి పెట్టాడు, మేలైన టేకుతోనే. ఉయ్యాల వేలాడదీస్తే ఆ పక్కకు ఒరిగింది. పాత కడ్డీలు అంత తేలిక. టేకు తీసి వేప వేశాడు. అదీ ఒరిగింది. అప్పుడు విరిగిన ముక్కను తీసుకుని తూచాడు, గీకాడు, వాసన చూశాడు, నమిలాడు. కట్టె పాల మీగడ రంగులో నున్నగా ఉంది. వాసన లేదు, రుచి లేదు. ఇంకో ముక్క నమిలాడు. పేరు తట్టలేదు. ఖలందర్‌కి చెమట పట్టింది.

"అన్ని కడ్డీలూ కొత్తవి వేస్తే సరిపాయె గదా," అన్నాడు చివరికి.

"అప్పుడది మా అమ్మ తొట్లె ఎట్లయితాది? నీ డిపో తొట్లె అయితాది," అంది పీరాంబీ. "చిల్లా దినానికి ఇదే కట్టె తెచ్చి వెయ్. పెద్ద కట్టెల షావుకారివి గదా!"

కాన్పయిన నలభయ్యో రోజున వాళ్లిళ్లలో చిల్లా చేస్తారు. తల్లికీ బిడ్డకూ తలంటి, చుట్టాలను పిలిచి, బిడ్డను తొలిసారి ఉయ్యాలలో వేస్తారు. అంటే ఖలందర్ ముందు ఒక శీతాకాలం, ఒక వేసవి మొదలు ఉన్నాయి.

ఆయన ఆ ముక్కను జేబులో వేసుకుని బేతంచెర్ల తిరిగాడు, పాణ్యం తిరిగాడు, కర్నూలు డిపోలన్నీ తిరిగాడు. ఎవరూ పోల్చలేదు. కర్నూలులో ఒక వడ్రంగి మాత్రం దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది డిపోకొచ్చే కట్టె కాదన్నా. యాడో చెట్టుగా నిలబడి ఉంటాది, పోయి చూసుకో," అన్నాడు.

బస్సులో వస్తూ ఖలందర్ ఆ మాటే ఆలోచించాడు. కిటికీ బయట చెట్లు వెనక్కి పోతున్నాయి. వాటిలో వేప, చింత, మామిడి తప్ప ఇంకొకటి పోల్చలేకపోయాడు. బెరడు తీసి, కొమ్మలు నరికి, దూలాలై లారీలో వచ్చాకే ఆయనకు చెట్టుతో పరిచయం. చచ్చిన చెట్లన్నీ తెలుసు, బతికిన చెట్టు ఒక్కటీ తెలియదు. ఇన్నేళ్లుగా శవాలతోనే మాట్లాడానా అనిపించి ఆయనకు నవ్వూ వచ్చింది, ఏదోలాగానూ అయింది.

నంద్యాల చిన్నచెరువు కట్ట మీద ఆదివారం పొద్దున్నే కొందరు చేరి చెట్ల పేర్లు నేర్చుకుంటారు. వాళ్లను నడిపించేది సుప్రజ. కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెబుతుంది. చెట్లు ఆమెకు ఎవరూ నేర్పలేదు, ఇష్టం కొద్దీ తనే నేర్చుకుంది. ఖలందర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లి, తానెవరో చెప్పుకుని, కట్ట దిగువన నున్నటి తెల్ల బోదెతో నిలబడ్డ ఒక పెద్ద మానును చూసి, అడక్కుండానే, "ఇదేదో జామ జాతి," అన్నాడు.

ఎవరో కిసుక్కున నవ్వారు. సుప్రజ నవ్వలేదు గానీ, పెదవులు బిగబట్టిందని అందరికీ తెలిసింది.

"తెల్లమద్ది మామా."

"మద్దా! మద్ది లారీలకు లారీలు కోసినా గదమ్మా నేను!"

"కోసింటావ్. ఇప్పుడు చూడు."

ఖలందర్ తల పైకెత్తి చూశాడు. అంతెత్తున ఆకులు ఎండలో కదులుతున్నాయి. కొమ్మ మీద రెండు చిలకలు పోట్లాడుకుంటున్నాయి. మద్ది మీద చిలకలుంటాయని ఆయనకు ఎవరూ చెప్పలేదు. డిపోకి చిలకలు రావు మరి. అందరికంటే గట్టిగా ఆయనే నవ్వేశాడు. ఆ రోజు నుంచి ఆదివారం వస్తే ఆయన్ను ఇంట్లో ఆపేవాళ్లు లేరు.

సుప్రజ పెట్టిన నియమం ఒకటే. ఆకు తుంచకూడదు, కొమ్మ విరవకూడదు. రాలింది ఏదైనా ఏరుకోవచ్చు. ముట్టుకోవచ్చు, వాసన చూడొచ్చు. బెరడు గీకడానికి గోరు ఎత్తినప్పుడల్లా ఖలందర్ చేతి మీద చిన్న దెబ్బ పడేది. మొదట్లో ఆయనకు ఒక్క ఆకూ గుర్తుండేది కాదు. జంటాకులు, ఈకల్లాంటి ఆకులు, నూగున్న ఆకులు అని సుప్రజ ఎంత చెప్పినా ఆయన కంటికి అన్నీ పచ్చగానే ఉండేవి. సాయంత్రానికి కానుగ నేరేడయ్యేది, నేరేడు ఇంకేదో అయ్యేది.

ఒక ఆదివారం విసుగెత్తి ఒక చెట్టు కింద కూలబడ్డాడు. చెయ్యి ఊరకుండక కింద పడున్న ఎండుపుల్లను విరిచింది. ముక్కు దాని దగ్గరికి తనంతట తానే పోయింది.

"కానుగ!" అని అరిచాడు. తల ఎత్తి చూస్తే పైన ఉన్నది కానుగే.

పక్క చెట్టు కిందికి పరుగెత్తాడు. అరవై ఏళ్ల మనిషి పరుగెత్తితే మిగిలినవాళ్లు ఊరికే ఉంటారా, వెంటబడ్డారు. పుల్ల విరిచాడు, నమిలాడు. "నేరేడు!" అన్నాడు. నేరేడే. ఆ పూట వాళ్లు ఆయన కళ్లకు తువ్వాలు కట్టి, చేతిలో ఎండుపుల్లలు పెట్టి పరీక్షలు పెట్టారు. తుమ్మ, రావి, సీమచింత, నెమలినార వరసబెట్టి చెప్పుకుపోయాడు. ఆనవాలు దొరికాక ఇక అడ్డేముంది? పుల్లను బట్టి పేరు పట్టేవాడు, పేరు తెలిశాక తల ఎత్తి ఆకు చూసేవాడు, ఆకును చూశాక దాన్ని మళ్లీ మరిచేవాడు కాదు. అందరూ చెట్టును పైనుంచి చదివితే ఖలందర్ కిందినుంచి చదివాడు.

ఇక ఆయన స్కూటరు తిన్నగా ఇల్లు చేరితే ఒట్టు. రైల్వే స్టేషను దారిలో ఆకాశమల్లెల కింద ఆగేది, కోర్టు గోడ పక్క పొగడ కింద ఆగేది. చొక్కా జేబునిండా పుల్లలు. పీరాంబీ ఆ జేబులు దులుపుతూ, "ఇన్నేండ్లు చెట్లను చంపిన మనిషి ఇప్పుడు వాటికి సలాములు కొడతాండాడు. వాటికి సిగ్గయితాదో ఏమో పాపం," అనేది. "తొట్లె కట్టె దొరికిందా?" అని మాత్రం రోజూ అడిగేది. దొరకలేదు. జబీనాకు నెలలు నిండుతున్నాయి. మూలన ఉయ్యాల ఒక పక్కకు వంగి వేలాడుతోంది. దాన్ని చూసినప్పుడల్లా ఖలందర్ సంబరం సగమయ్యేది.

ఫిబ్రవరి మొదట్లో సుప్రజ అందరినీ ఆళ్లగడ్డకు తీసుకెళ్లింది. అక్కణ్నుంచి ఆటోల్లో అహోబిలం దారి పట్టి, నల్లమల అంచున దిగారు. అడవి చాలా మటుకు ఆకు రాల్చేసి ఉంది. ఆకు లేకపోతే చెట్టును పోల్చడం కష్టమని సుప్రజ ముందే చెప్పింది. ఖలందర్‌కి ఏం కష్టం? కింద పుల్లలున్నాయి. చిరుమాను, నారేపి, ఏగిస, బిల్లుడు అని ఆయన కేకేస్తుంటే మిగిలినవాళ్లు చప్పట్లు కొట్టారు. డిపోలో కొలతలేసిన కట్టెలన్నీ అక్కడ నిలబడి ఉన్నాయి. తపసి చెట్టు తెల్లటి బోదెను రెండు చేతులా తడిమి, "ఎంత చల్లగుండావే తల్లీ!" అన్నాడు. కానీ మధ్యాహ్నం దాకా ఏ మాను కింద చూసినా జేబులోని ముక్కకు సరిపడే పుల్ల దొరకలేదు.

"ఇంకో తూరి వద్దాంలే మామా," అంది సుప్రజ.

"ఇంకో తూరికి నా మనమడు నడుస్తాంటాడమ్మా," అన్నాడు ఖలందర్. నవ్వించాలనే అన్నాడు గానీ ఎవరూ నవ్వలేదు.

అడవి దాటి ఊరి చేలల్లోకి వచ్చి, ఒక గట్టు మీద భోజనాలకు కూర్చున్నారు. ఖలందర్ ఒక బోసి చెట్టుకు ఆనుకుని పీరాంబీ కట్టిచ్చిన చిత్రాన్నం తిన్నాడు. పళ్ల సందుల్లో పప్పు ఇరుక్కుంటే కింద నుంచి ఒక ఎండుపుల్ల తీసి కుట్టుకున్నాడు. రెండు నిమిషాలు అలాగే కుట్టుకుంటూ కూర్చున్నాడు. తర్వాత ఆయన దవడ ఆగిపోయింది. చేదు లేదు, వగరు లేదు, వాసన లేదు. పుల్లను తీసి చూశాడు. లోపల మీగడ రంగు.

జేబులోంచి విరిగిన కడ్డీ ముక్క తీసి పక్కన పెట్టాడు. గీకాడు, నమిలాడు, రెండూ మళ్లీ నమిలాడు. అప్పుడు తల ఎత్తాడు. కట్టెల వ్యాపారి కన్ను చెట్టును చూడదు, దూలాన్ని చూస్తుంది. రెండు చేతుల కౌగిలికి అందని మానులనే వెతుకుతూ వచ్చాడు ఇన్ని నెలలూ. ఇదేమో వంకరగా, పిడికిట్లో ఇమిడే కొమ్మలతో, వంటచెరుకుకు కూడా ఎవరూ లెక్కచేయనట్టు నిలబడి ఉంది. ఇలాంటివి పొద్దుటినుంచి ఎన్ని దాటుకుంటూ వచ్చాడో! చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

"సుప్రజమ్మా!" అన్నాడు. కేక పెట్టాలనుకుంటే గుసగుస వచ్చింది.

సుప్రజ వచ్చి పైకి చూసింది. బోసి కొమ్మలకు సన్నటి ఎండుకాయలు జంటలు జంటలుగా వేలాడుతున్నాయి. ఒక్కో జంట కాయల కొనలు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"అంకుడు మామా! ఆ కాయలు చూడు, చేతులు కలుపుకున్నట్టు. బొమ్మలు చేసే కట్టె ఇది. దొరికింది!"

ఖలందర్ లేచి ఆ చెట్టును కౌగిలించుకున్నాడు. చేతులు రెండు సార్లు చుట్టుకునేంత సన్నం. ఆ ఊపులో ఆయన సంచి బోర్లాపడి, అన్నం గిన్నె కింది నుంచి ఒక చేతిరంపం బయటికొచ్చింది.

"ఇదేందీ?" అంది సుప్రజ.

"అదా... గిన్నె కింద ఉండిపోయిందమ్మా."

"దానంతటదే ఎక్కిందా సంచిలోకి?"

ఖలందర్ తల వంచుకున్నాడు. చేతికందేంత ఎత్తులో ఒక కొమ్మ ఉంది. రెండు కడ్డీలు వస్తాయి, ఇంకా మిగులుతుంది. ఆయన కన్ను అప్పుడే కొలిచేసింది కూడా. కానీ ఆ కొమ్మ చివర కాయలు చేతులు కలుపుకునే ఉన్నాయి. ఇన్నేళ్లలో లేని బాధ ఇప్పుడెక్కణ్నుంచి వచ్చిందో ఆయనకే తెలియలేదు. "చేనుగలోళ్లను అడుగుతా. వద్దంటే ఊరికే పోతా," అన్నాడు.

అడగడానికి వెళ్లే పని లేకపోయింది. గట్టు వెంబడి ఒక ముసలామె కొడవలితో దాదాపు పరుగున వస్తోంది. ఆ చేను ఆమెదే, పేరు రామసుబ్బమ్మ.

"ఎవురప్పా ఆడ? ఆ చెట్టు మీద చెయ్యి తియ్! రంపం తెచ్చుకోని మాన్ను కాగలించుకుంటాండావ్, ఏందీ కత?"

"కొయ్యలేదక్కా. అడగాలనే చూస్తాండా. ఒక్క కొమ్మ..."

"రెమ్మ గూడా లేదు. ఇది పెండ్లి చెట్టు. మా ఇంట్లో ఎవురి పెండ్లికైనా పందిట్లో తొలి గుంజ దీన్దే. పాలు కారే చెట్టు గదా, ఆ పాలకొమ్మ నాటినాకనే తక్కిన పందిరి. పెండ్లికి తప్ప దీని మీద కత్తి పెట్టం."

ఖలందర్‌కి ఒక ఆశ పుట్టింది. "మీ ఇంట్లో పెండ్లి ఎప్పుడక్కా?"

"మనమరాలి పెండ్లి పోయినేడే అయిపాయె. ఇంగ మిగిలినోడికి మూడేండ్లు."

సుప్రజకు నవ్వు ఆగలేదు. ఖలందర్‌కి నవ్వు రాలేదు. రంపాన్ని సంచిలో పెట్టేసి, విరిగిన కడ్డీని మాత్రం ఆమె చేతిలో పెట్టాడు. నిచ్చెన సంగతి, పీరాంబీ గడప మీద కూర్చున్న సంగతి, టేకు వేస్తే ఒరిగిన సంగతి, తాను కట్టె నమిలి ఓడిపోయిన సంగతి, ఏదీ దాచకుండా చెప్పాడు. గొప్పలు లేకుండా ఖలందర్ అంతసేపు మాట్లాడటం అదే మొదలు.

రామసుబ్బమ్మ కడ్డీ మీది పాత లక్కను బొటనవేలితో రుద్దుతూ విన్నది. "ఆడకూతురు ఏడవలేదంటే బాగా నొచ్చిండాదప్పా," అంది. కాసేపు చెట్టువైపు చూసింది. "ఇంటికాడికి రా."

ఆమె బర్రెల కొట్టం మూలన ఒక గుంజ ఆనించి ఉంది. మనిషి ఎత్తుకు పైగా పొడవు, చెయ్యి లావు. పసుపు మరకలు వెలిసిపోయాయి, కట్టిన దారం పోగు ఇంకా ఉంది.

"మనమరాలి పెండ్లిది. పెండ్లి గుంజను పొయ్యిలో పెట్టగూడదు, పారెయ్యగూడదు, ఇంగో పందిరికి నాటగూడదు. ఏం జేయగూడదో మా అత్త అన్నీ చెప్పింది గానీ, ఏం జేయాల్నో చెప్పకుండానే పోయింది. బర్రెలు వీపులు రుద్దుకుంటాండాయి." ఆమె గుంజను ఎత్తి ఖలందర్ చేతుల్లో పెట్టింది. "పెండ్లి జేసేది దేనికప్పా? తొట్లె ఊపేదానికే గదా. తీస్కపో."

ఖలందర్ దాన్ని తూచలేదు, గీకలేదు, వాసన చూడలేదు. గుండెకు ఆనించుకుని నిలబడ్డాడు. "నేనేమియ్యాలక్కా?" అని మాత్రం అడగగలిగాడు.

"బిడ్డను తొట్లెలో ఏసే దినం నన్ను పిలువు."

ఆళ్లగడ్డ బస్సులో కండక్టరు ఆ గుంజను చూసి ఏమిటన్నాడు. "పెండ్లి గుంజ," అన్నాడు ఖలందర్. "పెండ్లెప్పుడు?" అంటే, "అయిపోయింది. బిడ్డ పుట్టబోతాంది," అన్నాడు. బస్సంతా నవ్వింది. కండక్టరు పక్కకు జరిగి గుంజకు చోటిచ్చాడు.

లేతు మిషను మీద ఆ కట్టెను తిప్పేటప్పుడు ఖలందర్ కొత్త పనివాడిలా మాటిమాటికీ ఆపి కొలత చూసుకున్నాడు. తెల్లటి రజను ఒళ్లో రాలింది. రెండు కడ్డీలు తయారయ్యాక లక్క కరిగించబోతే పీరాంబీ ఆపింది.

"రంగు వెయ్యొద్దు. అవి తెల్లగానే ఉండనీ. ఎవురు విరగ్గొట్టినారో, ఎవురు తెచ్చినారో పుట్టబోయే బిడ్డకు తెలియాల గదా."

ఫిబ్రవరి చివర జబీనాకు ఆడపిల్ల పుట్టింది. చిల్లా రోజుకు ఎండలు ముదిరాయి. ఇంటి నిండా చుట్టాలు. రామసుబ్బమ్మ తొలి బస్సుకే దిగి, చెంగులో మూటగట్టిన తెల్లటి పూలు తీసి పీరాంబీ చేతిలో పోసింది. "చెట్టు పూసింది. కొయ్యలేదు, రాలినవే ఏరుకొచ్చినా," అంది. మల్లెలకంటే చిన్నవి, చేతిలో బరువే లేవు. పీరాంబీ వాటిని చాలాసేపు చూసింది. తర్వాత జబీనా ఒళ్లోంచి బిడ్డను ఎత్తుకుని రామసుబ్బమ్మకు అందించింది.

"నువ్వే వెయ్ అక్కా. పెండ్లి మీ ఇంట్లో అయింది, తొట్లె మా ఇంట్లో ఊగుతాది."

రామసుబ్బమ్మ బిడ్డను ఉయ్యాలలో పడుకోబెట్టి, తెల్ల కడ్డీ పట్టుకుని మెల్లగా ఊపింది. ఎర్ర కడ్డీలు, పసుపు కడ్డీలు, వాటి మధ్య తెల్లటివి రెండు. ఉయ్యాల ముందుకు పోయింది, వెనక్కి వచ్చింది, మళ్లీ పోయింది. ఏ పక్కకూ ఒరగలేదు. బిడ్డ ఒకసారి ఆవలించి నిద్రపోయింది. ఖలందర్ గోడవైపు తిరిగి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకుంటున్నాడని అందరూ చూశారు, ఆయనకు దాచుకోవాలనీ అనిపించలేదు.

పీరాంబీ వచ్చి ఆయన పక్కన నిలబడింది.

"పూతంతా రాలకముందే ఆ చెట్టును చూడాల," అంది. "వచ్చే ఆదివారం నేనూ వస్తా."

"గట్టి చెప్పులు వేసుకో," అన్నాడు ఖలందర్. "నువ్వు ఒక్క చెట్టుతో ఆగేదానివి కాదు."